నస్యపు గుంట

బొటనవేలిని బాగా పైకెత్తి, మణికట్టు వైపు ఒకసారి చూడండి. వేలి మొదట్లో రెండు స్నాయువులు తాళ్లవలె బిగుసుకొని, వాటి నడుమ చిన్న గుంట ఒకటి ఏర్పడుతుంది. చింతగింజ పట్టేంత గుంట. ముప్పైయైదేళ్లు సుద్దముక్క పట్టిన చెయ్యి నాది. అయినా ఆ గుంట అక్కడ ఉన్నదన్న సంగతి 2024 జూలైలో, కాలిఫోర్నియాలో, ఒక వైద్యురాలు మా మనుమడి చేతిని వెలుతురుకు పట్టి చూపించినప్పుడు గాని నాకు తెలియలేదు. ఇంగ్లీషు వైద్యగ్రంథాలలో దాని పేరు 'నస్యపు డబ్బీ'. పూర్వం ఐరోపావారు పొడుమును ఆ గుంటలో పోసుకొని ముక్కుకు ఎక్కించేవారు గనుక ఆ పేరు వచ్చిందట. ప్రాచ్య కళాశాలలో మాకు వ్యాకరణం చెప్పిన గురువుగారికి పట్టెడు పొడుము పడితే తప్ప సంధి సూత్రం నోటికి వచ్చేది కాదు. పాపం, ఆయన రెండు వేళ్ల నడుమనే పట్టి అవస్థపడేవారు. ఇంత సౌకర్యం చేతిమీదనే ఉన్నదని ఆయనకు చెప్పినవారు లేరు.

మిత్రులు మన్నించాలి. నేను చెప్పదలచినది నవ్వులాట సంగతి కాదు.

మా అమ్మాయి, అల్లుడు శాన్ హోసేలో ఉంటారు. వాళ్ల పెద్దవాడికి అప్పటికి పదమూడేళ్లు నిండాయి. జూన్‌లో మేము వెళ్లేసరికి వాడి లోకమంతా ఒక చెక్క మీద ఉన్నది. మూరెడున్నర పొడవు, జానెడు వెడల్పు, రెండు కొసలూ కొంచెం పైకి వంగి, కింద నాలుగు చిన్న చక్రాలు. స్కేట్‌బోర్డు. నేను దానికి 'చక్రాల పలక' అని పేరు పెట్టాను. వాడికి నవ్వు వచ్చింది గాని పేరు నచ్చింది. పలక అంటే ఏమిటో వాడికి చెప్పడానికి ఒక పూట పట్టింది, అది వేరే కథ.

ఒకనాడు వాడు గరాజులో కూర్చుని ఆ చక్రాలు విప్పుతుంటే పక్కన చేరాను. ఒక్కొక్క చక్రం లోపల రెండేసి బేరింగులు, మొత్తం ఎనిమిది. అవి చూడగానే నాకు యాభై ఏళ్లనాటి కాలువ వంతెన గుర్తుకు వచ్చింది. మాది కృష్ణా డెల్టా పల్లె. చాపవలె పరచుకొన్న నేల, వాలు అన్నది మచ్చుకైనా లేదు. ఊరు మొత్తానికి ఉన్న ఒకే ఒక్క వాలు కాలువ వంతెన దిగుడు. మెకానిక్కు షెడ్డు దగ్గర పారవేసిన లారీ బేరింగులు మూడు సంపాదించి, వెనుక రెండు, ముందొకటి బిగించి, పైన ఒక చెక్క వేసి మేకులు కొడితే అదే బండి. బేరింగుల బండి. ముందు కర్రను పాదాలతో తిప్పుతూ వంతెన మీదినుంచి జారితే ఆ గరగర శబ్దానికి కాలువగట్టు మీది కొంగలు లేచిపోయేవి. ఆ సంగతి చెప్పాను. "తాతయ్యా, నువ్వు స్కేటర్‌వా!" అన్నాడు. పద్మపురస్కారం అందుకొన్నంత సంబరమైంది నాకు. ఆ సంబరమే తరువాత నా చేత తప్పు చేయించింది.

ఆ ఆట పుట్టింది కూడా కాలిఫోర్నియా తీరంలోనే. 1950లలో, అలలు లేని రోజున ఏమీ తోచని సముద్రపుటలల ఆటగాళ్లు చెక్కకు రోలర్ స్కేటుల చక్రాలు బిగించి వీధులలో జారడం మొదలుపెట్టారు. అప్పటి చక్రాలు ఇనుమువి, తరువాత గట్టిమట్టి మిశ్రమంతో చేసినవి. నేలను పట్టేవి కావు, దెబ్బలు విపరీతం. 1970ల మొదట్లో పాలీయూరిథేన్ చక్రం వచ్చి ఆటనే మార్చివేసింది. 1976, 77లలో అక్కడ గొప్ప అనావృష్టి వచ్చి ఇళ్లలోని ఈతకొలనులు ఎండిపోతే, పిల్లలు గోడలు దూకి ఆ ఖాళీ కొలనుల వంపులలో ఆడారు. ఇవాళ స్కేట్ పార్కులలో కనిపించే పెద్ద పెద్ద సిమెంటు గిన్నెలు ఆ కొలనుల వారసులే.

యంత్రంగా చూస్తే ఇంత నిర్దయమైన వాహనం మరొకటి లేదు. బ్రేకు లేదు, పట్టుకొనడానికి పిడి లేదు. చక్రం చిన్నది, గట్టిది. బఠాణీ గింజంత రాయి అడ్డం వచ్చినా పలక అక్కడికక్కడే ఆగిపోతుంది. పైనున్న మనిషి ఆగడు. ముందుకు పడే మనిషి చేసే పని ఒక్కటే, చేతులు చాపడం. అది ఆలోచించి చేసేది కాదు, పుట్టుకతో వచ్చింది. ఒంటి బరువు, వేగం రెండూ కలిసి ఆ చాపిన అరచేతి మీద, దాని వెనుకనున్న మణికట్టు మీద పడతాయి. అందువల్లనే ఈ ఆటలో పిల్లలకు తగిలే దెబ్బలలో మణికట్టుది, ముంజేతిది పెద్ద వాటా. చీలమండది ఆ తరువాత. తలకు తగిలేవి తక్కువే అయినా ప్రాణం మీదికి వచ్చేవి అవే, వాటికి తోడు మోటారు వాహనాలు. కదిలే కారు వెనుక పట్టుకొని పలక మీద పోయే తెలివితక్కువ పని అక్కడి కుర్రాళ్లు కొందరు చేస్తారట. మన కుర్రాళ్లు సైకిలు మీద లారీ గొలుసు పట్టుకొని పోవడం లేదూ? దేశం మారినా పదిహేనేళ్ల బుద్ధి మారదు.

మా అమ్మాయి జాగ్రత్త గల మనిషి. ఇంట్లో నియమాలు వ్రాసి రెఫ్రిజిరేటరు తలుపుకు అంటించింది. హెల్మెట్టు, మణికట్టు తొడుగులు, మోకాలి చిప్పలు, మోచేతి చిప్పలు. ఏ ఒక్కటి లేకపోయినా పలక నెలరోజులు జప్తు. హెల్మెట్టు మాట అక్కడ చట్టమే. 2003 నుంచి కాలిఫోర్నియాలో పద్దెనిమిదేళ్లలోపు వారెవరైనా వీధిలో పలక ఎక్కితే తలకు హెల్మెట్టు ఉండవలసిందే, లేకుంటే 25 డాలర్లదాకా జరిమానా. సైకిలు హెల్మెట్టు, స్కేట్ హెల్మెట్టు ఒకటి కావని కూడా అక్కడే తెలుసుకొన్నాను. సైకిలుది ఒక్క గట్టి దెబ్బకే, ఆ తరువాత పారవేయవలసినదే. స్కేటుది మళ్లీ మళ్లీ పడేవాడి కోసం, వెనుక మెడదాకా దిగేటట్టు చేసినది.

శనివారాలు నన్ను కూడా వెంట తీసుకొనిపోయేవారు. శాన్ హోసేలో కన్నింగ్‌హామ్ సరస్సు పక్కన 2008లో కట్టిన పెద్ద స్కేట్ పార్కు ఉన్నది. కవచకుండలాలు లేనిదే లోపలికి రానివ్వరు. నేను కంచె బయట బల్ల మీద కూర్చుని చూసేవాణ్ణి. కొత్తగా వచ్చిన చిన్నపిల్లలకు ఒక యువకుడు నేర్పుతున్నాడు. మొదటి పాఠం ఎక్కడం కాదు, పడడం! పలక అదుపు తప్పుతున్నదని తెలియగానే మోకాళ్లు వంచి ఒంటిని నేలకు దగ్గర చేయాలి. చేతులు చాపకూడదు, ముడుచుకోవాలి. భుజం మీదుగా దొర్లాలి. గిన్నె వంపులో ఉంటే మోకాలి చిప్పల మీద కూలబడి కిందిదాకా జారిపోవాలి. పుట్టుకతో వచ్చిన బుద్ధిని మరపించే విద్య అది. పిల్లలు వరుసగా నిలబడి, ఒకరి తరువాత ఒకరు, పనిగట్టుకొని పడుతున్నారు. పడినవాడిని చూసి మిగతావారు పలకలను నేలకు కొట్టి చప్పుడు చేస్తున్నారు. వాళ్ల చప్పట్లు అవి.

నేను పండిత శిక్షణలో ఎన్నో బోధనాపద్ధతులు చదివాను. తప్పు చేయడం ఎట్లాగో మొదట నేర్పే పద్ధతి వాటిలో లేదు.

ఇక అసలు సంగతి. జూలై రెండవ వారంలో ఒక సాయంత్రం. అమ్మాయి, అల్లుడు ఆఫీసు నుంచి ఇంకా రాలేదు. వాడు బయటినుంచి వచ్చి, కుడిచేతిని చొక్కా జేబులోనే ఉంచుకొని తిన్నగా తన గదిలోకి పోయాడు. రాత్రి భోజనాల దగ్గర ఎడమచేత్తో చెంచా పట్టాడు. మా ఆవిడ, "ఎడం చేత్తో తింటావేమిట్రా, పిదపకాలం చోద్యం కాకపోతే" అన్నది. వాడు నా వైపు చూశాడు. నేను మజ్జిగ గ్లాసు వైపు చూశాను.

అందరూ పడుకొన్నాక నా గది తలుపు తట్టాడు. ఇంటి ముందు వీధిలోనే, రెండు నిమిషాలకని, తొడుగులు లేకుండా, హెల్మెట్టు లేకుండా ఎక్కాడట. చిన్న రాయి. పడ్డాడు. తల తగలలేదు. కుడి అరచేయి కొద్దిగా దోక్కుపోయింది. మణికట్టు పెద్దగా వాయలేదు గాని నొప్పిగా ఉన్నదన్నాడు.

"తాతయ్యా, అమ్మకి చెప్పకు. బోర్డ్ తీసేస్తుంది. ప్రామిస్?"

ఏడాదికో రెండేళ్లకో ఒకసారి కనబడే తాతను నేను. వాడు స్కేటర్‌వని బిరుదిచ్చిన తాతను. "పొద్దున్న చూద్దాంలే" అన్నాను. మంచుగడ్డలు గుడ్డలో చుట్టి ఇచ్చాను. ప్రామిస్ అనలేదు. కాని అనినట్టే వాడు తీసుకొన్నాడు, అట్లా తీసుకోవాలనే నేనూ అన్నాను. మాటతో వ్యాపారం చేసిన మనిషికి ఈ సూక్ష్మం తెలియకపోదు.

పొద్దున్న నొప్పి తగ్గిందన్నాడు. నేను నమ్మాను. నమ్మడం సుఖం గనుక నమ్మాను. మధ్యాహ్నం పన్నెండు దాటాక వంటింట్లో పాలసీసా మూత తిప్పబోయి చటుక్కున వదిలేశాడు. సీసా పడింది, పాలన్నీ నేలమీద. వాడి ముఖం తెల్లబడింది. నేను అమ్మాయికి ఫోన్ చేశాను. వాడు నా చేతిలోని ఫోను వైపు చూసిన చూపు నేను మరచిపోలేదు.

అమ్మాయి అరగంటలో వచ్చింది. వాణ్ణి ఒక్క మాట అనలేదు. దారిలో కారు నడుపుతూ, "నిన్న రాత్రే మీకు తెలుసా నాన్నగారూ?" అని అడిగింది. తెలుసునన్నాను. తరువాత ఆసుపత్రి దాకా ఎవరమూ మాట్లాడలేదు.

వైద్యురాలు మొదట చెయ్యి చూడలేదు. తల తగిలిందా, వాంతి అయిందా, పడిన క్షణం గుర్తున్నదా అని అడిగింది. కళ్లలోకి దీపం వేసి చూసింది. నెలలు తిరగ్గొట్టి వెనుకనుంచి చెప్పమంది. తలకు అదురు తగిలినవాడు హెల్మెట్టు ఉన్నా లేకపోయినా ఆ రోజుకు మళ్లీ ఆట ఎక్కకూడదని, మెదడు కోలుకోకముందే రెండవ దెబ్బ తగిలితే ప్రాణాపాయమని చెప్పింది. హెల్మెట్టు పుర్రెను కాపాడుతుంది గాని లోపల మెదడు కుదుపును పూర్తిగా ఆపలేదట. అది తేలిన తరువాత చెయ్యి. ఎక్స్‌రే తీశారు. ఎముకలన్నీ బాగానే ఉన్నాయి, విరుపు కనబడలేదు. నేను ఊపిరి పీల్చుకొన్నాను. ఆమె మాత్రం వాడి బొటనవేలు పైకెత్తించి, ఆ గుంటలో తన వేలితో మెల్లగా అదిమింది. వాడు కెవ్వున అరిచాడు.

మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. 'మణిబంధం' అన్న సంస్కృతపదాన్ని మనవాళ్లు సగం తెలిగించి మణికట్టు అన్నారు, మణులు కట్టే చోటు. అక్కడి ఎనిమిదింటిలో ఒకటి ఆ గుంట అడుగున ఉంటుంది, పడవ ఆకారంలో. దాని గ్రీకు పేరుకు అర్థం కూడా పడవే. దానికి నెత్తురు వచ్చే దారి విచిత్రమైనది. వేళ్లవైపు కొసనుంచి లోనికి, వెనుకకు ప్రవహిస్తుంది. నడుమ చిట్లితే లోపలి ముక్కకు నెత్తురందక అతుకు ఆలస్యం కావచ్చు, అతకకనే పోవచ్చు, ఆ ముక్క చచ్చిపోనూ వచ్చు. పైగా తొలిరోజు ఎక్స్‌రేలో ఆ నెర్రె తరచు కనబడదు. వాపు ఉండదు, రూపం చెడదు. 'బెణికిందిలే' అని వదిలేయడానికి ఇంతకంటె అనువైన ఎముక లేదు. అందుకని, చిత్రంలో ఏమీ లేకపోయినా గుంటలో నొప్పి ఉంటే విరిగినట్టే భావించి బొటనవేలితో సహా కట్టు వేసి, పది పద్నాలుగు రోజులకు మళ్లీ చూడాలట. ఆమె అదే చేసింది. రెండు వారాల తరువాత తీసిన చిత్రంలో ఆ పడవ నడుమ వెంట్రుకవాసి గీత కనబడింది.

ఆ ఒక్క రాత్రి ఆలస్యం వల్ల నష్టం లేదని ఆమే అన్నది. మా అమ్మాయి కూడా మరి ఎత్తలేదు. నా మనస్సు కుదుటపడకపోవడానికి కారణం వేరే ఉన్నది. అది మా అమ్మాయికి తెలియదు. ఇక్కడ మొదటిసారి వ్రాస్తున్నాను.

1991లో నేను ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. అక్కడా ఒక కాలువ వంతెన, అక్కడా బేరింగుల బళ్లు. ఆ ఏడు వానాకాలంలో ఒక కుర్రవాడు లారీ కింద పడబోయి తప్పించుకొన్నాడు. క్రమశిక్షణ బాధ్యత నాది. మర్నాడు ప్రార్థన సమయంలో, వంతెన మీద బండితో కనబడినవాడికి పది బెత్తపు దెబ్బలని ప్రకటించాను. దొరికిన బళ్లన్నీ ఊడబెరికించి సామాను గదిలో వేయించాను. అది అవసరమనే అనుకొన్నాను. లారీల విషయంలో ఇప్పటికీ అనుకొంటున్నాను.

డిసెంబరులో అర్ధసంవత్సర పరీక్షలు. ఎనిమిదో తరగతి జవాబుపత్రాలలో ఒకటి ఘోరంగా ఉన్నది. అక్షరాలు ఒకటి తూర్పుకు, ఒకటి పడమటికి. చేతివ్రాతకు అయిదు మార్కులు తీసివేసి, ఎర్రసిరాతో 'కోడి గెలికినట్లున్నది' అని వ్రాశాను. సంక్రాంతి సెలవుల తరువాత పత్రాలు ఇస్తున్నాను. ఆ పిల్లవాడు ఎడమచెయ్యి చాపాడు. "మేష్టారి దగ్గర ఎడమచేత్తో పుచ్చుకొంటావట్రా?" అన్నాను. వాడు కుడిచెయ్యి ఎత్తాడు. పూర్తిగా లేవలేదది. మణికట్టు బొటనవేలి వైపుకు వాలి ఉన్నది.

నవంబరు చివర ఒక ఆదివారం, దొంగతనంగా చేసుకొన్న బండి మీదినుంచి పడ్డాడట. నాకు తెలుస్తుందని ఇంట్లో కూడా నాలుగు రోజులు చెప్పలేదు. తరువాత వాళ్ల నాయనమ్మ పసుపు కట్టింది, ఎవరో నాటువైద్యుడు వెదురు బద్దలు వేసి బిగించాడు. పరీక్షలు ఎడమచేత్తో వ్రాశాడు, ఎందుకో నేను అడగలేదు. పట్నం తీసుకొనిపోయి చూపించేసరికి ఎముక వంకరగానే అతుక్కొన్నది. అంతటితో ఆగలేదు. పిల్లల ఎముకల కొసల దగ్గర ఎదుగుదలకు మూలమైన మెత్తని పొర ఉంటుంది. చుట్టూ ఉన్న బంధనాలకంటె అది బలహీనమైనది, అందుకే పెద్దవాళ్లకు బెణికే చోట పిల్లలకు ఈ పొర దెబ్బతింటుంది. టొరంటోలో సాల్టర్, హారిస్ అనే ఇద్దరు వైద్యులు 1963లో ఈ గాయాలను అయిదు రకాలుగా విభజించి చూపారు. చాలావరకు హాని లేకుండానే మానుతాయి. కొన్ని మానవు. ఈ పిల్లవాడి ముంజేతిలో బొటనవేలి వైపు ఎముక ఎదగడం ఆగిపోయింది, చిటికెనవేలి వైపు ఎముక ఎదుగుతూనే పోయింది. ఏడాదికేడాదికీ చెయ్యి మరింత వాలింది.

ఇదంతా ఆ వైద్యురాలిని నేను అడిగాను, పేరు చెప్పకుండా, ఎవరి సంగతో అన్నట్టుగా. తొలినాడే తీసుకొనిపోతే బాగుపడేదా అన్నాను. చెప్పలేమన్నది. ఎంత చక్కగా సరిచేసినా కొందరికి ఎదుగుదల ఆగిపోతుందట. అది నన్ను ఓదార్చాలని అన్నమాట కాదు గనుక నమ్మాను. కాని ఓదార్పు కలగలేదు. నాలుగు రోజులు వాడు ఆ చేతిని దాచుకొని మా తరగతిలోనే కూర్చున్నాడు, నేను పాఠం చెబుతూనే ఉన్నాను.

కొన్నేళ్ల క్రితం ఒక పెళ్లిలో కనబడ్డాడు. ఎరువుల దుకాణం పెట్టుకొన్నాడు. విస్తరి దగ్గర నిలబడి ఆ చేత్తోనే నాకు గారెలు వడ్డించాడు. "మేష్టారూ, ఇంకొకటి" అన్నాడు. నేను వద్దనలేకపోయాను.

ఆ వేసవిలో కట్టు చేతితో మనుమడు, నేను పక్కపక్కన కూర్చుని పారిస్ ఒలింపిక్సు చూశాము. ఈ ఆట ఒలింపిక్సుకు ఎక్కింది టోక్యోలో, 2021లో. అక్కడ మహిళల వీథి పోటీలో గెలిచిన జపాను పిల్లకు పదమూడేళ్లు. పారిస్‌లో చైనా తరఫున వచ్చిన పిల్లకు పదకొండు. అంత చిన్నవాళ్లను అంత ఎత్తున చూస్తుంటే కూర్చున్న చోట నా కాళ్లు వణికాయి. అయిదేళ్లలోపు పిల్లలకు ఈ పలక అసలే పనికిరాదని, పదేళ్లదాకా పెద్దవాళ్లు పక్కన లేనిదే ఎక్కనివ్వరాదని అమెరికా పిల్లల వైద్యుల సలహా. తల బరువు, బరువు కేంద్రం ఎత్తు, పడేటప్పుడు సర్దుకొనే నేర్పు రాని వయస్సు. పైగా తనకు ఎంత వచ్చునో తనకే తెలియదు.

బ్రిటన్ అమ్మాయి స్కై బ్రౌన్‌కు పారిస్‌లో కాంస్యం వచ్చింది. మనుమడు ఆమె కథ చెప్పాడు. 2020లో, పదకొండేళ్ల వయస్సులో, కాలిఫోర్నియాలోనే సాధనచేస్తూ ఎత్తునుంచి పడింది. పుర్రె చిట్లింది, ఎడమ మణికట్టు, చెయ్యి విరిగాయి. హెలికాప్టరులో ఆసుపత్రికి తీసుకొనిపోయారు. తలకు హెల్మెట్టు ఉండబట్టి బతికింది. కోలుకొంటూ ఆసుపత్రి మంచం మీదినుంచే ఆ పడిన దృశ్యాన్ని తానే లోకానికి చూపించింది. ఏడాది తిరిగేసరికి టోక్యోలో కాంస్యం. "తను పడింది తనే పోస్ట్ చేసింది తాతయ్యా" అని రెండుసార్లు అన్నాడు. రెండవసారి నా వైపు చూడకుండా అన్నాడు.

నేనూ ఒకటి చెప్పాను. మధ్యప్రదేశ్‌లో పన్నా దగ్గర జన్వార్ అనే పల్లె ఉన్నది. 2015లో ఒక జర్మన్ వనిత పూనికతో అక్కడ స్కేట్ పార్కు కట్టారు. నియమం ఒక్కటే ముఖ్యం, బడికి పోనివాడికి పలక లేదు. ఇంకొకటి, ఆడపిల్లలు ముందు. ఆ సంగతి పత్రికలో చదివిననాడు నా సామాను గది జ్ఞాపకం వచ్చింది, బేరింగుల గుట్ట.

సెప్టెంబరు నెలాఖరుకు కట్టు విప్పారు. చెయ్యి సన్నబడి, చర్మం పాలిపోయి పొట్టు రాలుతున్నది. రబ్బరు బంతి పిసకడం, మణికట్టు తిప్పడం, తెలుగు అక్షరాలు దిద్దడం. చివరిది నా వైద్యం, వైద్యురాలి అనుమతితోనే. 'ఋ' దగ్గర చెయ్యి చక్కగా తిరుగుతుంది. పలక సంగతి మీద ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. అల్లుడు పారవేద్దామన్నాడు. అమ్మాయి చాలాసేపు ఊరకుండి, రెఫ్రిజిరేటరు మీది కాగితం తీసి, జప్తు అన్న పంక్తి కొట్టివేసి, దాని కింద మరొకటి వ్రాసింది: పడితే ఆ రోజే చెప్పాలి, చెప్పినందుకు శిక్ష లేదు. హెల్మెట్టు పంక్తిని మాత్రం ముట్టుకోలేదు. తరువాత నా వైపు తిరిగి, "ఇది మీకు కూడా నాన్నగారూ" అన్నది.

నవంబరు మొదటి వారంలో వాడు మళ్లీ కన్నింగ్‌హామ్ పార్కులో దిగాడు. నేను కంచె బయట బల్ల మీద. మొదటి అరగంటలో మూడుసార్లు పడ్డాడు. ప్రతిసారీ మోకాళ్ల మీద జారి, లేచి, కంచె వైపు చూసి తొడుగు వేసిన చెయ్యి పైకెత్తాడు. నా జేబులోని చిన్న పుస్తకంలో మూడు గీతలు గీశాను.

ఇప్పుడు మేము ఊళ్లో ఉన్నాము. ఆదివారం పొద్దున్న, వాళ్లకు శనివారం సాయంత్రం, ఫోనులో కనబడతాడు. "ఏడుసార్లు తాతయ్యా. ఒకటి చాలా బ్యాడ్" అంటాడు. చెయ్యి చూపించమంటాను. బొటనవేలు పైకెత్తి, ఆ గుంట నాకు కనబడేదాకా తెర దగ్గరికి జరిపి, రెండవ చేతి వేలితో దాన్ని అదిమి చూపిస్తాడు.